చీనీకాయ కూడా ఆరెంజే
(అనంతపురంలో డిగ్రీ విద్యార్థినుల ముందు ఒక పోషకాహార నిపుణురాలి ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఈ బల్ల మీద రెండు కాయలు పెట్టాను చూడండి. ఒకటి సూపర్ మార్కెట్లో కొన్న విదేశీ ఆరెంజ్, స్టిక్కరు కూడా ఉంది. రెండోది మన చీనీకాయ. పచ్చగా, అక్కడక్కడా మచ్చలతో. ఏది ఒంటికి మంచిదని లోపలికి వస్తూ నలుగురిని అడిగితే ముగ్గురు స్టిక్కరు కాయనే చూపించారు.

రెండూ ఒకే జాతి. శాస్త్రంలో రెండింటి పేరూ సిట్రస్ సైనెన్సిస్. నల్గొండ వాళ్లు బత్తాయి అన్నా, మనం చీనీ అన్నా ఆరెంజే. రాత్రిళ్లు చలి బాగా పడే దేశాల్లో తొక్కలోని పచ్చదనం పోయి నారింజ రంగు తేలుతుంది. మనకు అంత చలి లేదు కాబట్టి లోపల పండినా పైన పచ్చగానే ఉంటుంది. అంతే తేడా, ధర తప్ప. నాగపూర్ కమలాపండు మాత్రం వేరే రకం. తొక్క చకచకా ఊడొస్తుంది గానీ సి విటమిన్ కాస్త తక్కువ.

సి విటమిన్ ఆరెంజ్‌లో 100 గ్రాములకు సుమారు 50 మిల్లీగ్రాములు ఉంటుంది. పెద్దవాళ్లలో ఆడవాళ్లకు రోజుకు 65, మగవాళ్లకు 80 కావాలని భారత వైద్య పరిశోధన మండలి లెక్క. అంటే ఓ మాదిరి కాయ ఒక్కటి తింటే మీకు దాదాపు సరిపోతుంది. మేక తన సి విటమిన్ తనే తయారు చేసుకుంటుంది. మనకు ఆ శక్తి లేదు. అయినా మనం సగం తిని పారేసిన కాయ కూడా మేకే నములుతూ ఉంటుంది!

ఈ పండు విలువ మొదట తెలిసింది ఓడల్లో. 1747లో సాలిస్‌బరీ అనే బ్రిటిష్ యుద్ధనౌకలో నావికులకు స్కర్వీ, అంటే సి విటమిన్ లోపంతో వచ్చే జబ్బు, వచ్చింది. చిగుళ్లు కుళ్లి రక్తం కారడం, కాళ్లలో సత్తువ లేకపోవడం. జేమ్స్ లిండ్ అనే డాక్టరు 12 మంది రోగులను ఇద్దరిద్దరు చొప్పున విడదీసి, ఒక జంటకు వెనిగర్, ఇంకో జంటకు సముద్రపు నీళ్లు, ఇలా తలా ఒకటి ఇచ్చి చూశాడు. ఒక జంటకు మాత్రం రోజూ రెండు ఆరెంజ్‌లు, ఒక నిమ్మకాయ. ఆరు రోజులకే పండ్లు అయిపోయాయి. అప్పటికే వాళ్లలో ఒకడు లేచి పనిలోకి వెళ్లగలిగాడు. ఇంత కళ్లముందు జరిగినా, నౌకాదళం అందరికీ నిమ్మరసం ఇవ్వాలని తేల్చింది 1795లో. ఫైలు ఏ దేశంలోనైనా ఫైలే.

మనలో స్కర్వీ అరుదు. మన బాధ రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తం తక్కువని తేలింది. మెట్లెక్కితే ఆయాసం, క్లాసులో కళ్లు మూతలు పడటం... నవ్వకండి, ప్రతిసారీ లెక్చరర్ తప్పే కాదు.

మనం ఐరన్ తినడం లేదా అంటే, తింటున్నాం. రాగి సంగటి, ఉలవలు, ఆకుకూరలు. కానీ మొక్కల నుంచి వచ్చే ఐరన్ పేగుల్లో సరిగా ఇంకదు. సి విటమిన్ పక్కన ఉంటే దాన్ని పేగు పీల్చుకోగల రూపంలోకి మారుస్తుంది. టీ చేసేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. అందుకే చీనీకాయను సాయంత్రం ఒంటరిగా కాదు, సంగటి తిన్న వెంటనే తినండి. టీని గంటో గంటన్నరో వెనక్కి జరపండి. నన్నడిగితే చీనీ తినడానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే.

జలుబు రాదని తినేవాళ్లున్నారు. రోజూ సి విటమిన్ తీసుకున్నా మామూలు మనుషులకు జలుబు రావడం ఆగదు. వచ్చినది కొద్దిగా ముందు తగ్గుతుంది, అంతే.

ఇక జ్యూస్. మా అబ్బాయికి నేనే ఏళ్ల తరబడి మూడు కాయలు పిండి, వడకట్టి, పైన చక్కెర కూడా వేసి ఇచ్చాను. చదివిన చదువు వంటింట్లో గుర్తుకు రాలేదు. మూడు కాయల తీపి ఒక్క గుక్కలో లోపలికి, పీచు చెత్తబుట్టలోకి. తొనల మీది తెల్లటి పొరను కూడా గీకి పారేయకండి, పీచు అందులోనే ఉంది. షుగర్ ఉన్న అమ్మానాన్నలకైనా జ్యూస్ వద్దు, డాక్టరు చెప్పిన మేరకు తొనలే పెట్టండి. కిడ్నీ జబ్బుతో పొటాషియం తగ్గించమన్న వాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా తినకూడదు. గ్యాస్, గుండెమంట ఉన్నవాళ్లు పరగడుపున వద్దు.

భోజనం బెల్ కొట్టారు. ఆ మూల సంచిలో మీ అందరికీ సరిపడా చీనీకాయలు ఉన్నాయి. అన్నం తినేశాక వలుచుకోండి. వడగట్టే జల్లెడ మాత్రం తేలేదు.