శత్రువును ఆరు గంటలు ఆపిన కంపెనీ

సభలోని పెద్దలకు, మాజీ సైనికులకు, ముందు వరసల్లో యూనిఫామ్‌లో కూర్చున్న ఎన్‌సీసీ పిల్లలకు నమస్కారం.

ఈరోజు నేను ఒక్క మధ్యాహ్నం గురించే మాట్లాడతాను. 1947 నవంబరు 3, కశ్మీర్ లోయలోని బద్గామ్. మేజర్ సోమనాథ్ శర్మ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. మన దేశంలో మొట్టమొదటి పరమవీర చక్ర ఆయనదే. ఆయన మాట ఎత్తితే అందరూ ఆఖరి వైర్‌లెస్ సందేశం చెప్తారు. నాకు మాత్రం ఆ సందేశం చుట్టూ ఆయన చేసిన పనులే పెద్దవిగా కనిపిస్తాయి. నాయకత్వం అంటే ఏమిటో వాటిలో ఉంది.

ఆయనకు మన హైదరాబాద్‌తో ఒక బంధం ఉంది. ఆయనది హిమాచల్‌లోని కాంగ్‌డా ప్రాంతం. కానీ 1942లో ఆఫీసరుగా చేరింది 19వ హైదరాబాద్ రెజిమెంట్‌లో. హైదరాబాద్‌లో బ్రిటిష్ రెసిడెంట్‌గా, అంటే బ్రిటిష్ వాళ్ల ప్రతినిధిగా, ఉన్న హెన్రీ రసెల్ నిజాం కోసం తయారుచేసిన పటాలాల వారసత్వం అది. కాలక్రమంలో అందులో ఉత్తరాదికి చెందిన కుమావూ కొండవాళ్లు, అహీర్లు ఎక్కువయ్యారు. 1945లో పేరు కుమావూ రెజిమెంట్‌గా మారింది. మన సికింద్రాబాద్ కంటోన్మెంట్ పక్కన పుట్టి పెరిగిన వాళ్లకు కూడా ఈ సంగతి పెద్దగా తెలియదు. తెలియాలి.

ఇక యుద్ధానికి వస్తాను. 1947 అక్టోబరు 22న పాకిస్తాన్ వైపు నుంచి సాయుధ గిరిజన మూకలు కశ్మీర్‌లోకి చొరబడ్డాయి. బారాముల్లా వాళ్ల చేతిలో పడింది. 26న మహారాజా హరిసింగ్ కశ్మీర్‌ను భారత్‌లో కలుపుతూ విలీన పత్రం మీద సంతకం పెట్టారు. మర్నాడు పొద్దున మన డకోటా విమానాలు శ్రీనగర్‌లో దిగాయి. మన సైన్యం త్వరగా చేరడానికి ఉన్నది ఆ ఎయిర్‌ఫీల్డ్ ఒక్కటే. అది పోతే బలగాలు రావు, మందుగుండు రాదు. శ్రీనగర్ కూడా పోయినట్టే.

శర్మకు అప్పటికే ఎడమ చేతికి పిండికట్టు ఉంది. హాకీ ఆడుతూ చెయ్యి విరగ్గొట్టుకున్నారు. యుద్ధానికి వెళ్లకుండా ఆగిపోవడానికి అంతకంటే గట్టి కారణం ఏం కావాలి? అయినా తన కంపెనీ వెళ్తుంటే తాను ఉండిపోనని పైవాళ్లను ఒప్పించి మరీ విమానం ఎక్కారు. వయసు 24.

నవంబరు 3న, ఆ ఎయిర్‌ఫీల్డ్‌కు దగ్గర్లోని బద్గామ్ వైపు గస్తీకి పంపిన కంపెనీల్లో ఆయన నడిపే 4 కుమావూ, అంటే కుమావూ రెజిమెంట్ నాలుగో బెటాలియన్, డెల్టా కంపెనీ ఒకటి. మధ్యాహ్నం దాకా అలికిడి లేదు. మిగతా కంపెనీలను వెనక్కి పిలిచారు. ఈ కంపెనీని మాత్రం ఇంకాసేపు ఉండమన్నారు. రెండున్నర ప్రాంతంలో ఊళ్లోని ఇళ్ల వైపు నుంచి తూటాలు వచ్చాయి. ఆడవాళ్లు, పిల్లలు ఉంటారని శర్మ ఆ ఇళ్ల మీద ఎదురుకాల్పులకు వెనకాడారు. ఆ వెంటనే గుల్‌మార్గ్ వైపు నుంచి సుమారు 700 మంది మోర్టార్లతో, అంటే గుండ్లను పైకి ఎగరేసి విసిరే చిన్న ఫిరంగులతో, వచ్చిపడ్డారు. ఇటు ఉన్నది వందమంది. మూడు వైపులా చుట్టుముట్టారు.

అప్పుడు ఆయన చేసిన మొదటి పని, సెక్షన్ల మధ్య, అంటే కంపెనీలోని చిన్న చిన్న జట్ల మధ్య, పరిగెత్తడం. కందకంలో ఉన్న జవానుకు తన ముందున్న కొంచెం మేరే కనిపిస్తుంది. పక్క సెక్షన్ ఉందో, పోయిందో తెలియదు. ఆ టెన్షన్‌లో ఒక్కడు లేచి వెనక్కి కదిలితే పక్కవాడి ధైర్యం కూడా జారిపోతుంది. అలాంటప్పుడు కంపెనీ కమాండర్ స్వయంగా వచ్చి, ఎటు కాల్చాలో చెప్పి వెళ్తే ఆ మనిషి నిలబడతాడు. శర్మ ఆ పని కోసం మరుగు లేని మైదానంలో తూటాల మధ్య మళ్లీ మళ్లీ అటూ ఇటూ పరిగెత్తారు.

రెండోది, మన యుద్ధ విమానాలకు గుర్తు చూపించడం. పైలట్‌కు పైనుంచి ఎవరు మనవాళ్లో, ఎవరు శత్రువో తెలియదు. దారి చూపడానికి నేల మీద గుడ్డ పట్టీలు పరచాలి. అవి పైకి బాగా కనపడాలంటే చెట్టు చాటునో, గట్టు చాటునో పరిస్తే కుదరదు. శత్రువు చూస్తుండగానే, ఒక చేతికి కట్టుతో, ఆయనే వెళ్లి పరిచారు.

మూడోది చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. అప్పటి మన ఎల్‌ఎంజీ, అంటే లైట్ మెషిన్ గన్, బ్రెన్ గన్. దాని మేగజైన్‌లో 30 తూటాలు పడతాయి. ఆపకుండా కాలిస్తే కొద్ది సెకన్లలోనే ఖాళీ. నింపడం మాత్రం అంత తేలిక కాదు. ఒక్కో తూటాను స్ప్రింగ్‌కు ఎదురు బొటనవేలితో నొక్కుతూ దించాలి. గన్ కాల్చేవాడి పక్కన ఇంకో మనిషి ఉండేది అందుకే. బద్గామ్‌లో జవాన్లు పడిపోతుంటే గన్‌లు మూగబోవడం మొదలైంది. శర్మ మందుగుండు దగ్గర కూర్చుని, పిండికట్టు చేత్తోనే మేగజైన్లు నింపుతూ గన్నర్లకు అందించారు. మేజర్ హోదా ఉన్న మనిషి! ఆ నిమిషంలో కంపెనీకి ఏది కొరతో కనిపెట్టి, ఆ పనిలోకి తానే దిగాడు.

ఆఖరుగా పై దళమైన బ్రిగేడ్‌కు పంపిన సందేశం ఇది: శత్రువు మాకు యాభై గజాల దూరంలో ఉన్నాడు. మాకంటే ఎన్నో రెట్ల మంది ఉన్నారు. కాల్పులు భీకరంగా ఉన్నాయి. ఒక్క అంగుళం కూడా వెనక్కి తగ్గను, చివరి మనిషి, చివరి తూటా దాకా పోరాడతాను. ఆ తర్వాత కాసేపటికే ఒక మోర్టార్ గుండు సరిగ్గా ఆ మందుగుండు మధ్యలో పడి పేలింది.

ఆయన పోయాక కూడా కంపెనీ చెదరలేదు. నేను మీ అందరికీ గట్టిగా చెప్పాలనుకున్నది ఇదే. అంతకుముందు ఆయన చేసిన పనుల బలం అప్పుడు తెలిసింది. ఇరవై మందికి పైగా ప్రాణాలిచ్చారు, ఇంకా ఎందరో గాయపడ్డారు. మొత్తం మీద శత్రువు ఆరు గంటలు ఆగిపోయాడు. ఆ వ్యవధిలో మన అదనపు బలగాలు ఎయిర్‌ఫీల్డ్ పక్కనున్న హుమ్‌హామా దగ్గర మోహరించాయి. ఎయిర్‌ఫీల్డ్ నిలిచింది. నవంబరు 7న శ్రీనగర్ శివార్లలోని షాలటెంగ్ దగ్గర మనవాళ్లు ఆ మూకలను చిత్తుగా ఓడించారు, మర్నాడు బారాముల్లా తిరిగి మన చేతికొచ్చింది.

పదిహేనేళ్ల తర్వాత, 1962 నవంబరు 18న, లడఖ్‌లోని రెజాంగ్ లా దగ్గర చైనా సైన్యానికి ఎదురొడ్డిన మేజర్ షైతాన్ సింగ్ కంపెనీ కూడా ఇదే రెజిమెంట్‌ది, 13 కుమావూ. అక్కడ 114 మంది నేలకొరిగారు. దాని గురించి విడిగా ఒక సభే పెట్టాలి.

పిల్లలూ, మీకు సందేహాలు ఉంటే నన్ను కాదు, వెనక వరసలో కూర్చున్న మాజీ సైనికులను అడగండి. మోర్టార్లు పడుతుంటే సెక్షన్‌ను ఎలా నిలబెడతారో వాళ్లు నాకంటే బాగా చెప్తారు. మైకు వాళ్లకు ఇస్తున్నాను.