పే స్లిప్‌ను దేనితో పోల్చాలి?

యూనివర్సిటీలో పాఠాలు చెప్పే సార్లకు, మేడమ్‌లకు నమస్కారం.

జీతం పడగానే ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. చేతికొచ్చిన మొత్తం పోయిన నెలంతే ఉంటే నిశ్చింతగా ఉంటాం. నా పేచీ అక్కడే. బిల్లులో ఒకసారి తప్పు దూరితే ప్రతి నెలా అదే పడుతుంది. పోయిన నెలతో పోలిస్తే అది ఏ జన్మకూ దొరకదు. పోల్చాల్సింది మీ ప్రొసీడింగ్స్‌తో, అంటే మీ జీతం, ప్రమోషన్ ఆర్డర్లతో, సర్వీస్ రిజిస్టర్‌తో.

పక్కవాళ్ల స్లిప్‌తో కూడా వద్దు. కాజీపేట దారిలో నిట్ కేంద్ర సంస్థ, అక్కడ చేసేవాళ్లకు డీఏ (కరువు భత్యం) కేంద్రం రేటు, కాకతీయ యూనివర్సిటీలో చేసేవాళ్లకు రాష్ట్రం జీవో. హనుమకొండ నుంచి చిన్న ఊరి పీజీ సెంటర్‌కు మారితే హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) శాతమూ మారొచ్చు. వృత్తి పన్ను నెలకు 200, అందులో చూడాల్సిందేమీ లేదు.

ఎక్కువ తప్పులు ప్రమోషన్ ఫిక్సేషన్‌లోనే, అంటే కొత్త బేసిక్ ఖరారు చేసేటప్పుడే జరుగుతాయి. ఏడో వేతన స్కేళ్ల పట్టికలో అసిస్టెంట్ ప్రొఫెసర్ లెవల్ 10లో 57,700తో మొదలై, ఏటా 3 శాతం చొప్పున 59,400, 61,200 అంటూ పైకి పోతారు. క్యాస్ (కెరీర్ అడ్వాన్స్‌మెంట్ స్కీమ్) కింద లెవల్ 11 వస్తే, ముందు లెవల్ 10లోనే ఒక ఇంక్రిమెంట్ వేయాలి. ఆ అంకె లెవల్ 11లో ఉంటే అదే గడి, లేకపోతే దానిపై గడి. మీ బేసిక్ 68,800 అనుకుందాం. ఇంక్రిమెంట్ వేస్తే 70,900, లెవల్ 11లో దానిపై గడి 71,000. ఆ ఇంక్రిమెంట్ మరిచి నేరుగా జరిపితే 68,900 వస్తుంది. అన్నేళ్ల సర్వీసుకు వంద రూపాయల ప్రమోషన్! పోయిన 2,100 మీద డీఏ పోతుంది, సీపీఎస్‌లో (వాటా కట్టే పెన్షన్ పథకం) ఉంటే మీ 10 శాతమూ ప్రభుత్వ వాటా కూడా తగ్గుతాయి. రేపు లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్ దాకా అదే లెక్క.

ప్రమోషన్ ఆర్డర్ ఆలస్యంగా వచ్చి అరియర్స్ (పాత బకాయిలు) పడితే, ఏ నెలకు ఆ నెల డీఏ రేటు వేశారా చూడండి. మొత్తానికి ఒకే రేటు కట్టేయడం సులువు కదా, అలాగే చేస్తుంటారు. పాత ఏళ్ల అరియర్స్ ఒక్క ఏడాదిలో పడి పన్ను పెరిగితే ఉపశమనం ఉంది, కానీ దాని ఫారం రిటర్న్ కంటే ముందే వేయాలి.

ఎక్కువ పడితే మాట్లాడకుండా ఉండటం తెలివి కాదు. ఆడిట్ అభ్యంతరం వచ్చిందంటే రికవరీ మొదలవుతుంది. 2014లో సుప్రీంకోర్టు రఫీక్ మసీ కేసులో కొన్ని సందర్భాల్లో రికవరీ కూడదంది: రిటైరైనవాళ్ల నుంచి, ఏడాదిలోపు రిటైరయ్యేవాళ్ల నుంచి, అయిదేళ్లకు మించి ఎక్కువ చెల్లించాక. అయితే 2016లో జగదేవ్ సింగ్ కేసులో, ఎక్కువ వస్తే తిరిగి కడతానని రాసిచ్చినవాళ్లు కట్టాల్సిందేనంది. పే ఫిక్సేషన్ అప్పుడు మనం చదవకుండా సంతకం పెట్టే కాగితాల్లో ఆ హామీ ఉండొచ్చు.

ఇక గెస్ట్, పార్ట్‌టైమ్ వాళ్లు. టెన్షన్ అంతా వీళ్లకే, చేతిలో కాగితం తక్కువ. గెస్ట్ ఫ్యాకల్టీకి 2019లో యూజీసీ చెప్పింది క్లాసుకు 1,500, నెలకు 50,000 మించకుండా. అంటే 33 క్లాసులకు 49,500. ముప్పై నాలుగో క్లాసుకు 500, ఆ తర్వాతవి ఉచిత సేవ. ఈ రేటు అన్నిచోట్లా ఇవ్వడం లేదు, మీ ఆర్డర్‌లో రాసిందే మీకు కొలత. తేదీ, పీరియడ్, క్లాసు రాసుకుని నెలాఖరున హెచ్‌ఓడీ (విభాగాధిపతి) సంతకం తీసుకోండి. మర్యాదకు పోయి అడగకపోతే నష్టం మీకే.

తప్పు కనబడితే సెక్షన్‌లో నోటిమాటగా చెప్పి రావద్దు. వస్తున్నదెంత, రావాల్సిందెంత, ఏ ఆర్డర్ ప్రకారం అని ఒక పేజీ రాసిచ్చి, అందినట్టు ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకోండి. గుమస్తా మీద కోపం పెట్టుకోకండి, వందల బిల్లులు ఆయన ఒక్కడే చేస్తుంటాడు.

స్లిప్పులు తెచ్చినవాళ్లు ముందుకు రండి. పార్ట్‌టైమ్ వాళ్లవి ముందు చూద్దాం, వాటికి టైమ్ ఎక్కువ పడుతుంది.