కొత్త డిజైరా, పాత డిజైరా? కొనేముందు సీటు బెల్టు చివరిదాకా లాగండి

అందరికీ నమస్కారం అండి. ఆదివారం పొద్దున్నే, అదీ టిఫిన్ల టైములో ఇంతమంది వచ్చి కూర్చున్నారంటే నిజంగా సంతోషంగా ఉంది. మొన్న లిఫ్ట్ దగ్గర మన సెక్రటరీ గారు అడిగారు, "మేడం, మావాడికి ఉద్యోగం వచ్చింది, మారుతి డిజైర్ లాంటి బండి ఒకటి తీసుకుందామనుకుంటున్నాం, కొత్తదా సెకండ్ హ్యాండా" అని. ఆ రెండు నిమిషాల్లో చెప్పేది కాదు సార్, ఆదివారం మాట్లాడుకుందాం అన్నాను, అదే ఇవాళ్టి మీటింగ్ అయింది.

నేను ఇన్సూరెన్స్ వాళ్ళ తరఫున మోటార్ సర్వే చేస్తాను, అంటే బండికి యాక్సిడెంట్ అయినా నీళ్ళల్లో మునిగినా వెళ్ళి చూసి ఎంత నష్టం జరిగిందో రాసిచ్చే పని. పద్దెనిమిదేళ్ళు అయింది ఈ పనిలో. కార్లు అమ్మను, కొనను, నాకు ఏ షోరూమ్‌తోనూ లావాదేవీ లేదు. నా బాధంతా ఒకటే, నేను టోటల్ లాస్, అంటే ఇంక బాగుచేయించి లాభం లేదు అని రాసిచ్చిన బండ్లు మళ్ళీ తళతళలాడుతూ రోడ్డు మీద కనబడుతున్నాయి, వాటిని ఎవరో మనలాంటి వాళ్ళే కష్టపడి దాచుకున్న డబ్బుతో కొనుక్కుంటున్నారు.

ముందు అసలు ఈ చిన్న సెడాన్, అంటే వెనక విడిగా డిక్కీ ఉన్న చిన్న కారు అనేది ఎక్కడినుంచి వచ్చిందో ఒక్క మాట చెప్తాను, ఎందుకంటే ధర సంగతి దీంతోనే ముడిపడి ఉంది. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్లలోపు పొడవు, పెట్రోల్ అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ లోపు ఉన్న కార్లకి ఎక్సైజ్ పన్ను తగ్గించారు. దాంతో కంపెనీలు డిక్కీ ఉన్న బండిని కూడా ఆ నాలుగు మీటర్లలో ఇరికించడం మొదలుపెట్టాయి, 2008లో టాటా ఇండిగో సీఎస్ వచ్చింది, 2012లో డిజైర్‌ని వెనక కత్తిరించి పొట్టి చేశారు, 2013లో హోండా అమేజ్, 2014లో హ్యుందాయ్ ఎక్సెంట్, తర్వాత టాటా టిగోర్, హ్యుందాయ్ ఆరా. ఇవాళ డిజైర్ పొడవు 3995 మిల్లీమీటర్లు, అంటే గీతకి అయిదు మిల్లీమీటర్ల దూరంలో ఆపేశారన్నమాట. ఆ పన్ను తేడా ఇప్పటికీ ఉంది, 2025 సెప్టెంబర్ 22 నుంచి ఈ చిన్న పెట్రోల్ బండ్ల మీద జీఎస్టీ సెస్సుతో కలిపి 29 శాతం ఉన్నది 18కి వచ్చింది, పెద్ద బండ్లకి 40.

ఇది సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళు బాగా గుర్తుపెట్టుకోవాలి. ఎనిమిది లక్షల ఎక్స్ షోరూమ్ బండి మీద పన్ను తగ్గింపు మొత్తం మనకే ఇస్తే దాదాపు 68 వేలు తగ్గుతుంది. పాత బండి అమ్మే ఆయన "నేను తొమ్మిదిన్నరకి కొన్నానండి, రెండేళ్ళే వాడాను" అంటాడు, ఆయన ఎంతకి కొన్నాడో మనకి అనవసరం, అదే బండి ఇవాళ కొత్తది ఆన్ రోడ్, అంటే టాక్సు, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి ఎంతకి వస్తుందో దాన్నుంచే బేరం మొదలవ్వాలి. నా లెక్క ఏంటంటే, మూడు నాలుగేళ్ళ బండి ధర కొత్తదాని ఆన్ రోడ్ ధరలో డెబ్బై శాతం దాటిందంటే ఇంక ఆలోచించకుండా కొత్తదే తీసుకోండి. సెకండ్ హ్యాండ్ లోన్‌కి వడ్డీ ఎక్కువ, పైగా కొన్న ఏడాదిలోనే టైర్లు, బ్యాటరీ, క్లచ్ మీద పడతాయి, అవన్నీ కలిపితే మిగిలిందేమీ ఉండదు. ఇన్సూరెన్స్‌లో బండి విలువ కట్టే లెక్క కూడా చూడండి, మూడేళ్ళు దాటి నాలుగు లోపు అయితే 40 శాతం తీసేస్తారు, నాలుగు దాటి అయిదు లోపు అయితే 50. మార్కెట్లో డిజైర్ లాంటివి అంత పడిపోవు, నిజమే, కానీ బేరానికి కూర్చున్నప్పుడు ఆ పాలసీ కాగితం చేతిలో ఉంటే మంచిది.

కొత్తది కొనేవాళ్ళకి నేను చెప్పేది తక్కువే. ఒకటి, వెనక సీట్లో ఎవరు కూర్చుంటారో వాళ్ళని షోరూమ్‌కి తీసుకెళ్ళండి. మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు, మేం బండి చూసేటప్పుడు ఆవిడ్ని ఎక్కించి దింపి చూశాం, ఎక్కడం బానే ఎక్కింది కానీ దిగేటప్పుడు డోరు పైన చెయ్యి పట్టుకుని, ఒక కాలు బయట పెట్టి, లేవలేక మళ్ళీ వెనక్కి కూలబడింది. ఈ సెడాన్లలో సీటు కిందకి ఉంటుంది కదా. పక్కనే ఇంకో మోడల్‌లో అదే అమ్మ ఒక్కసారికే లేచి నిలబడింది. సీటు ఎత్తులో తేడా రెండు మూడు వేళ్ళంతే, ఏ బ్రోచర్ చూసినా ఈ సంగతి తెలీదు. రెండు, సీఎన్‌జీ కావాలంటే డిక్కీ తెరిచి చూసి తీసుకోండి, సిలిండర్ పెడితే ఊర్నుంచి బియ్యం బస్తా తెచ్చుకునే చోటు పోతుంది, టిగోర్‌లో 2023 నుంచి రెండు చిన్న సిలిండర్లు కింద పడుకోబెట్టి ఇస్తున్నారు కాబట్టి కొంత నయం. మూడు, ఇన్సూరెన్స్ షోరూమ్‌లోనే తీసుకోవాలని రూలేం లేదు, బయట కొటేషన్ తెచ్చి చూపించండి, అక్కడే తగ్గుతారు. డబ్బు మొత్తం కట్టి రిజిస్ట్రేషన్‌కి పంపించకముందే యార్డుకి వెళ్ళి బండి చూడండి, ఛాసిస్ నంబర్ మీద తయారైన నెల, సంవత్సరం అడిగి రాయించుకోండి. సేఫ్టీ విషయంలో ఇప్పుడొచ్చేవి చాలా మెరుగు, 2024 నవంబర్‌లో వచ్చిన కొత్త డిజైర్‌కి గ్లోబల్ ఎన్‌క్యాప్, అంటే కార్లని గుద్దించి పరీక్షించే సంస్థ, పెద్దవాళ్ళ భద్రతకి అయిదు స్టార్లు ఇచ్చింది, మారుతిలో అయిదు వచ్చిన మొదటి బండి అదే, ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని వేరియంట్లలోనూ ఉన్నాయి. బండ్లో పిల్లలు తిరుగుతారనుకుంటే నా ఓటు కొత్తదానికే, పాతది టాప్ మోడల్ వస్తుంది కదా అని ఆశపడొద్దు.

ఇప్పుడు సెకండ్ హ్యాండ్. దీని గురించే ఎక్కువసేపు మాట్లాడతాను.

2024 సెప్టెంబర్ ఒకటో తారీఖు గుర్తుంది కదా, విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్ అంతా నీళ్ళల్లో ఉండిపోయింది, రోజుల తరబడి. ఆ నెలంతా నాకు ఇల్లు లేదు, తెల్లారి వెళ్తే రాత్రికి రావడం, ఒక్కో అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పక్కపక్కనే కార్లు, డాష్‌బోర్డు దాకా బురద, ఒక్కోటి తెరుస్తుంటే లోపల్నించి కుళ్ళిన వాసన. రిపేరు ఖర్చు బండి ఇన్సూరెన్స్ విలువలో 75 శాతం దాటితే మేం దాన్ని టోటల్ లాస్ కింద లెక్కకడతాం, ఓనర్‌కి డబ్బులొస్తాయి, బండి సాల్వేజ్ కింద, అంటే పాడైన సరుకుగా, వేలంలో పోతుంది. అక్కడితో ఆ బండి కథ అయిపోవాలి, పార్టులుగా విప్పేయాలి. కానీ అందులో కొన్ని కడిగి, ఆరబెట్టి, సీటు కవర్లు మార్చి, పాలిష్ కొట్టి, ఇంకో జిల్లాలోనో ఇంకో రాష్ట్రంలోనో అమ్మకానికి పెడుతున్నారు. హైదరాబాద్‌లో 2020 అక్టోబర్ వరదలప్పుడూ ఇదే, చెన్నైలో 2015 డిసెంబర్ తర్వాతా ఇదే.

పోయినేడాది మాకు తెలిసిన ఒకాయన, రిటైరైన మాస్టారు, కూతురికోసం తెల్ల సెడాన్ ఒకటి చూసి, అడ్వాన్స్ కూడా ఇచ్చేసి, "ఒకసారి చూసి పెట్టమ్మా" అని పిలిచారు. బండి చూస్తే కొత్తపెళ్ళికూతురిలా ఉంది, లోపల సెంటు వాసన గుప్పుమంటోంది, నాకు అదే అనుమానం కొట్టింది. వెనక సీటు బెల్టు పట్టుకుని లాగడం మొదలుపెట్టాను. మనం రోజూ పెట్టుకునేటప్పుడు సగమే బయటికి వస్తుంది, ఆ సగం శుభ్రంగా నల్లగా ఉంది. ఇంకా లాగాను, ఇంకా లాగాను, చివరి మూరెడు బయటికొచ్చేసరికి బట్ట గట్టిగా అట్టకట్టినట్టు ఉంది, దాని మీద అడ్డంగా ఒక లేత గోధుమరంగు గీత, గోరుతో గీకితే సన్నటి పొడి రాలింది, ముట్టుకుంటే ముఖానికేసుకునే పౌడరంత మెత్తగా ఉంది. అది వరద మట్టి అండి. కడిగేవాళ్ళు కార్పెట్ మారుస్తారు, సీట్లు మారుస్తారు, బెల్టు చుట్ట లోపల ఉన్న ఆ చివరి మూరెడు మాత్రం ఎవరూ కడగరు. మాస్టారు ఏం మాట్లాడలేదు, ఆ పొడి వేళ్ళ మధ్య నలుపుతూ అలా నిలబడిపోయారు. అడ్వాన్స్‌లో సగమే వెనక్కి వచ్చింది.

అందుకని ఏ బండి చూసినా ముందు బెల్టు లాగండి, నాలుగూ. తర్వాత డిక్కీలో స్టెప్నీ తీసి కింద గుంట చూడండి, అక్కడ తుప్పు చారగానీ మట్టి వలయంగానీ ఉందేమో. ముందు సీటు కింద పట్టాల బోల్టులు సెల్ ఫోన్ లైట్ వేసి చూడండి, మూడేళ్ళ బండికి అక్కడ తుప్పు రాకూడదు. హెడ్‌లైట్ లోపల నీటి చార, కార్పెట్ ఎత్తితే కింద ఉండే స్పాంజిలో తేమ, ఇవన్నీ చూడ్డానికి మెకానిక్కే అక్కర్లేదు, పది నిమిషాల ఓపిక చాలు.

యాక్సిడెంట్ బండి కనిపెట్టడానికి ఇంకో పద్ధతి. అద్దాలన్నిటి మీద మూలన చిన్న అక్షరాల్లో సంవత్సరం కోడ్ ఉంటుంది, అన్నీ ఒకటే ఉండాలి, ఒక డోరు అద్దం మాత్రం తర్వాత సంవత్సరానిది అయితే ఆ పక్క ఏదో జరిగిందని. బానెట్, డోర్ల బోల్టుల మీద పెయింట్ చెదిరి స్పానర్ గుర్తులు ఉంటే విప్పారని అర్థం. ఎయిర్‌బ్యాగ్ లైటు చాలా ముఖ్యం, తాళం తిప్పగానే డాష్‌బోర్డులో ఆ లైటు వెలిగి కొన్ని సెకన్లకి ఆరిపోవాలి. అసలు వెలగనే లేదంటే ఆ లైటు వైరు ఎవరో తీసేశారన్నమాట, పైన మూత కొత్తగా మెరుస్తూ లోపల బ్యాగే లేని బండి నేను నా కళ్ళతో చూశాను. మనిషి ప్రాణంతో ఆడుకోవడం అది, నాకు అలాంటిది చూసినరోజు అన్నం సయించదు.

మీటర్ తిప్పడం సంగతి అందరికీ తెలిసిందే. బండి నంబర్ చెప్పి కంపెనీ సర్వీస్ సెంటర్‌లో హిస్టరీ అడిగించండి, ఓనర్‌ని పక్కన పెట్టుకునే అడగండి, ఒక సర్వీసులో 78 వేలు రాసి ఇప్పుడు మీటర్ 42 వేలు చూపిస్తే ఇంక మాట్లాడేదేముంది. టైరు మీద నాలుగంకెల కోడ్ ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారం. ముప్ఫై వేలే తిరిగిందంటున్న బండికి నాలుగు టైర్లూ మార్చేసి ఉంటే ఎందుకు మార్చారని అడగండి. ఈ చిన్న సెడాన్లలో టాక్సీగా తిరిగినవి చాలా ఎక్కువ, పసుపు బోర్డు తీసేసి తెల్ల బోర్డుకి మార్పించినవి కూడా అమ్ముతారు. అలా మార్చడం తప్పేం కాదు, చెప్పకుండా సొంత బండి ధరకి అమ్మడమే తప్పు. హైవే మీదకి తీసుకెళ్ళి చూడండి, 80 దగ్గర పట్టేసినట్టు ఆగిపోతుంటే టాక్సీలకి వేగం మించకుండా పెట్టే స్పీడ్ గవర్నర్ ఇంకా ఉందేమో చూసుకోవాలి. స్టార్ట్ చేసేటప్పుడు ఇంజన్ చల్లగా ఉండాలి, మీరు వెళ్ళేసరికే వేడిగా ఉంటే ఇంకోరోజు వస్తామని చెప్పి వచ్చేయండి.

డీజిల్ గురించి ఎవరో వాట్సాప్‌లో అడిగారు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 అనే పొగ కాలుష్యం రూల్ వచ్చాక మారుతి డీజిల్ ఆపేసింది, అంటే దొరికే డీజిల్ డిజైర్లన్నీ అంతకుముందువే, బాగా తిరిగినవే. రోజూ వంద కిలోమీటర్లు తిరిగేవాళ్ళకి తప్ప నేను చెప్పను.

కాగితాల దగ్గర మనవాళ్ళు చేసే పెద్ద తప్పు, డబ్బిచ్చి బండి తెచ్చేసుకుని ఆర్‌సీ తర్వాత మార్చుకుందాంలే అనుకోవడం. పేరు మార్చడానికి కావాల్సిన ఫారం 29, 30 సంతకాలు అదేరోజు తీసుకోండి, లోన్ ఉన్న బండయితే బ్యాంకు ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం, ఆర్‌సీలో లోన్ కొట్టేయించే ఫారం 35 చేతికి వచ్చాకే మిగతా డబ్బు. అమ్మేవాళ్ళకీ చెప్తున్నాను, 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, ఆర్‌సీలో ఎవరి పేరుంటే వాళ్ళే ఓనర్, బండి చేతులు మారినా యాక్సిడెంట్ నష్టపరిహారం వాళ్ళ మీదకే వస్తుంది. ఇన్సూరెన్స్ 14 రోజుల్లో మీ పేరు మీదకి మార్పించుకోవాలి, పాతాయన నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, మీకు రాదు, అది మనిషిది, బండిది కాదు. కర్ణాటక బండో ఢిల్లీ బండో చవగ్గా వస్తుందంటే ఇక్కడ లైఫ్ టాక్స్ మళ్ళీ కట్టాలి, అక్కడి ఎన్ఓసీ తెచ్చుకోవాలి, ఆ తిరుగుడంతా లెక్కేసుకుంటే చవకేం కాదు. ప్రభుత్వం వాళ్ళ పరివాహన్ వెబ్‌సైట్‌లో నంబర్ కొడితే ఎన్నో ఓనరో, లోన్ ఉందో, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో అన్నీ వస్తాయి, చలాన్లు కూడా చూసుకోండి.

సెక్రటరీ గారూ, మీ అబ్బాయి రోజూ ఆఫీసుకి పదిహేను కిలోమీటర్లు పోనూ రానూ అన్నారు, వెనక మీరూ అమ్మగారూ కూర్చుంటారు అన్నారు. ఒకే ఓనర్, మూడు నాలుగేళ్ళ పెట్రోల్ బండి, సర్వీస్ హిస్టరీ పూర్తిగా ఉన్నది, మనకి తెలిసినవాళ్ళ దగ్గర దొరికితే అది తీసుకోండి, రెండు లక్షలు మిగుల్తాయి. నెల రోజులు వెతికినా అలాంటిది దొరక్కపోతే కొత్తది బుక్ చేయండి, తొందరపడి మధ్యలో ఏదో ఒకటి మాత్రం తెచ్చుకోవద్దు.

ప్రశ్నలుంటే కిందకి రండి, సెల్లార్‌లో నా బండి ఉంది, అయిదేళ్ళది. బెల్టు ఎంతదాకా లాగాలో, స్టెప్నీ కింద ఎక్కడ చూడాలో మీ చేతే చూపిస్తాను, ఫోన్‌లో టార్చ్ ఉన్నవాళ్ళు ముందుకి రండి.