మూడుసార్లు పిలిచారు

రమణ: రికార్డవుతోందా? సరే. మన పాడ్‌కాస్ట్ వినే పెరుగు డబ్బా బ్యాచ్‌కి నమస్కారం.

శైలజ: ఆ పేరు వదలవా ఇక?

రమణ: వదలను. టాపిక్ చెప్పక్కా.

శైలజ: ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవదు, కుదురుండదు. అది ఉన్నవాళ్లు, నేరాలు, మందులు. స్వీడన్‌లో పాతిక వేల మందికి పైగా రికార్డులు తిరగేశారు, 2006 నుంచి 2009 దాకా. మందు వాడని రోజులతో పోలిస్తే, వాడిన రోజుల్లో మగవాళ్ల నేరాలు 32 శాతం, ఆడవాళ్లవి 41 శాతం తక్కువ.

రమణ: అయితే మాత్ర వేస్తే అయిపోయినట్టే.

శైలజ: తర్వాత బ్రిటన్ జైళ్లలో ఏడీహెచ్‌డీ ఉన్న 200 మంది కుర్రాళ్ల మీద ఎనిమిది వారాలు మందు పరీక్షించి చూశారు. ఉత్తుత్తి మాత్రకీ దానికీ లక్షణాల్లో తేడా తేలలేదు. అది పక్కనపెట్టు, నాకీ వారం కోర్టు వాయిదాల గురించి మాట్లాడాలనుంది.

రమణ: మొదలైంది.

శైలజ: నా క్లయింట్ ఒకబ్బాయి. కొట్లాట కేసు, బెయిల్ మీదున్నాడు. ఏడీహెచ్‌డీ అని డాక్టర్ రాసిచ్చారు. వాయిదా తేదీ అరచేతిలో పెన్నుతో రాసుకున్నాడు. సాయంత్రం షెడ్‌లో సర్ఫ్ వేసి గ్రీజు కడిగాడు. తేదీ కూడా పోయింది.

రమణ: ఇంట్లో క్యాలెండర్ లేదా?

శైలజ: బంట్రోతు మూడుసార్లు పిలిచాడు. మనిషి లేడు. ఎన్‌బీడబ్ల్యూ, అదే నాన్‌బెయిలబుల్ వారెంట్, ఇచ్చేశారు.

రమణ: ఇవాళ రాలేడని ఆబ్సెంట్ పిటిషన్ వెయ్యాల్సింది.

శైలజ: వేశాను. అంతకుముందూ రెండుసార్లు వేశాను. ఈసారి కొట్టేశారు. పైగా బెయిల్ మీదుండి రాకపోతే అదే ఇంకో నేరం, ఏడాది దాకా జైలు.

రమణ: అక్కా, అందరం మర్చిపోతాం. మా నాన్న బడికెళ్లలేదు. ముప్పై ఏళ్లలో ఒక్క వడ్డీ తేదీ తప్పలేదు. క్యాలెండర్, ఎర్ర పెన్ను. అంతే.

శైలజ: మీ నాన్నకి పొద్దున చూసింది సాయంత్రం దాకా బుర్రలో తిరుగుతుంది. వీడికి గోడ మీంచి చూపు తిప్పితే ఆ తేదీయే లేదు.

రమణ: కొట్టడం మాత్రం మర్చిపోలేదుగా?

శైలజ: కొట్టినందుకు శిక్ష వెయ్యమను. నేనొద్దన్నానా? రాకపోతే చాలు, తప్పించుకు తిరుగుతున్నాడని రాసేస్తారు. బోనులో కాళ్లాడిస్తే పొగరంటారు.

రమణ: ...లోపల ఎన్నాళ్లున్నాడు?

శైలజ: పంతొమ్మిది రోజులు. వాళ్లమ్మ ములాఖత్‌కి వెళ్తే, "ఇవాళ ఏ వారమమ్మా?" అనడిగాడట.

రమణ: అయ్యో.

శైలజ: న్యూయార్క్‌లో ఏం చేశారో తెలుసా? చిన్న కేసుల సమన్ల కాగితంలో తేదీ ఎక్కడో అడుగున ఉండేది. దాన్ని పైకి తెచ్చారు. రానివాళ్లు 13 శాతం తగ్గారు. ఫోన్‌కి మెసేజ్‌లు పంపితే 21 శాతం.

రమణ: చూశావా! క్యాలెండరేగా అది!

శైలజ: గోడకి కాదు, జేబులోకి వచ్చింది.

రమణ: క్యాలెండరే. మనకీ కోర్టులవాళ్ల ఈకోర్ట్స్ నుంచి వాయిదా మెసేజ్‌లు వస్తాయిగా?

శైలజ: నంబర్ ఎక్కిస్తే వస్తాయి. వీడి పాత నంబర్ ఎక్కింది. ఆ సిమ్ ఇప్పుడెవరి దగ్గరుందో.

రమణ: వాళ్లకెళ్తున్నాయన్నమాట, వీడి వాయిదాలు.

శైలజ: నవ్వకు.

రమణ: నవ్వట్లేదు. మా బావమరిదిని అడుగుతానుండు, నంబర్ మార్చడానికి ఏం కావాలో.

శైలజ: ఏ బావమరిది? ఆ కుక్కర్ ఆయనా?

రమణ: ఆయనే. రింగవుతోంది... మైక్ ఆపు, ఆపు.