చిక్కటి ఆయిల్ పోస్తే ముందు ఫోర్క్ గట్టిపడుతుందా?

[దృశ్యం: ములుగు రోడ్డు మీద ఒక స్పీడ్ బ్రేకర్. బండి ముందు చక్రం దగ్గరగా కనిపిస్తుంది.]

నమస్కారం. హనుమకొండ నుంచి ములుగు వైపు వెళ్తూ బ్రేకు నొక్కినప్పుడు బండి ముక్కు కిందికి దిగబడిపోవడం, స్పీడ్ బ్రేకర్ మీద షాకబ్జర్లలోపల ‘టక్’మని చప్పుడు రావడం మీలో చాలామంది గమనించే ఉంటారు. దీనికి షెడ్డులో తరచుగా దొరికే సలహా చిక్కటి ఆయిల్ పోయించమని. మందు మంచిదే గాని, అది వేరే జబ్బుకు వాడవలసింది.

ముందు చక్రాన్ని పట్టుకునే రెండు షాకబ్జర్ గొట్టాలనే ఫోర్క్ అంటారు. ఫోర్క్‌లో బరువు మోసేది స్ప్రింగు. ఆయిల్ సన్నని రంధ్రాల గుండా దూరుతూ కదలిక వేగాన్ని మాత్రమే తగ్గిస్తుంది. అందువల్ల ఆయిల్ చిక్కబడితే ముక్కు మెల్లగా దిగుతుందే తప్ప, బ్రేకు పట్టే ఉంచితే చివరికి దాదాపు అంతే లోతుకు చేరుతుంది. పైగా మామూలు బళ్లలో ఉండే డ్యాంపర్ రాడ్ (ఆయిల్ దూరే రంధ్రాలున్న లోపలి కడ్డీ) ఫోర్క్‌లో రంధ్రాల కొలత మారదు కాబట్టి, కదలిక వేగం రెట్టింపైతే ఆయిల్ అడ్డు సుమారు నాలుగింతలవుతుంది. గుంత అంచు తగిలిన దెబ్బ నేరుగా మణికట్లకు తెలియడం అందుకే. చిక్కటి ఆయిల్‌తో అది ఇంకా పెరుగుతుంది.

[దృశ్యం: ఫోర్క్ గొట్టానికి జిప్ టై కడుతున్న చేతులు.]

టైరు గాలి, కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) సరిచూసుకున్న తర్వాత సాగ్, అంటే మీ బరువుకు ఫోర్క్ ఎంత దిగుతుందో కొలవాలి. ముందు చక్రాన్ని నేల నుంచి లేపి, మెరిసే గొట్టానికి జిప్ టై కట్టి, ఆయిల్ కారకుండా ఆపే సీల్ దాకా జరపండి. చక్రాన్ని దించి, పక్కన ఒకరు బండిని నిటారుగా పట్టుకోగా హెల్మెట్‌తో సహా మెల్లగా కూర్చొని, ఊపకుండా దిగండి. మళ్లీ చక్రం లేపినప్పుడు సీల్‌కు, టైకి మధ్య ఉన్న దూరమే సాగ్. అది మొత్తం ట్రావెల్‌లో (ఫోర్క్ కదలగలిగే దూరంలో) పావు వంతుకూ మూడో వంతుకూ మధ్య ఉండాలి. 130 మిల్లీమీటర్ల ట్రావెల్ ఉన్న బండికి ఇది సుమారు 33 నుంచి 43 మిల్లీమీటర్లు. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 వంటి బండికి ముందుగా ఫోర్క్ గొట్టాల మీది రబ్బరు తొడుగులు జరపాలి, ట్రావెల్‌ను 200 మిల్లీమీటర్లుగా లెక్కించాలి.

సాగ్ ఎక్కువైతే స్ప్రింగు పైన ఉండే గొట్టం ముక్క, అంటే స్పేసర్ పొడవు పెంచుతారు. దీన్నే ప్రీలోడ్ అంటారు. ఇక్కడే చాలామంది పొరబడతారు: ప్రీలోడ్ పెంచితే బండి ఎత్తు మారుతుంది, స్ప్రింగు గట్టిదనం మారదు. స్పేసర్ ఎంతో పెంచితే గాని సాగ్ కుదరడం లేదంటే, మీ బరువుకు ఆ స్ప్రింగు మెత్తనిదని అర్థం. ఇద్దరు కూర్చొని సామానుతో మేడారం దాకా వెళ్లేవారికి ఖర్చు పెట్టవలసిన మొదటి భాగం గట్టి స్ప్రింగే.

[దృశ్యం: స్ప్రింగు తీసి, పూర్తిగా నొక్కి నిలబెట్టిన ఫోర్క్; లోపలికి దించుతున్న స్కేలు.]

ఆయిల్ పైన మిగిలే గాలి కూడా స్ప్రింగులాగే పనిచేస్తుంది, ముఖ్యంగా చివరి మూడో వంతు కదలికలో. ‘టక్’ చప్పుడు అడుగు తగలడం వల్లే వస్తుంటే, ఆయిల్ మట్టాన్ని 5 మిల్లీమీటర్ల చొప్పున పెంచి చూడవచ్చు. మరీ నింపితే సీళ్ల దగ్గర ఆయిల్ కారుతుంది. స్కేలుతో మట్టం చూడకుండా మిల్లీలీటర్లలో కొలిచి పోసే అలవాటు నాకు నచ్చదు, ఎందుకంటే లోపల మిగిలిన పాత ఆయిల్ వల్ల ఫోర్క్ రెండు కాళ్లలో మట్టం తేడా వస్తుంది. ఆయిల్ మార్చేటప్పుడు డబ్బా మీద చిక్కదనానికి గుర్తుగా రాసే 10డబ్ల్యూ అన్న అంకెను నమ్మకండి. అది కంపెనీకో తీరుగా ఉంటుంది. 40 డిగ్రీల దగ్గర సెంటీస్టోక్ (చిక్కదనం కొలమానం) విలువలనే పోల్చండి. గ్రానైట్ లారీలు తిరిగే కరీంనగర్ రోడ్డులో నడిచే బండికైతే గొట్టాలను రోజూ మెత్తటి గుడ్డతో తుడవాలి, ఆ రాతి పొడి సీల్ అంచును కోసేస్తుంది.

ఇవన్నీ కుదిరాక కూడా గుంత దెబ్బ మణికట్లకు తగులుతుంటే ఎమ్యులేటర్ గురించి ఆలోచించవచ్చు. డ్యాంపర్ రాడ్ మీద కూర్చునే ఈ చిన్న వాల్వు మెల్లని కదలికను పట్టి ఉంచుతుంది, ఒక్కసారిగా ఒత్తిడి పెరిగితే తెరుచుకొని ఆయిల్‌కు దారి ఇస్తుంది. అయితే దీనికోసం రాడ్ రంధ్రాలను డ్రిల్లుతో పెద్దవి చేయాలి, వాటిని మళ్లీ పూడ్చలేం. కాబట్టి వేరే రాడ్ల జత కొని వాటికే రంధ్రాలు వేయించండి, కంపెనీ రాడ్లను దాచి ఉంచండి.