సంతలో బొమ్మ ధర ఎవరు చెప్పాలి: బెంగళూరు చిత్రసంతె, తెలుగు చేతిపనులు

[తెరపై: కుమార కృప రోడ్డు, ఆదివారం ఉదయం. వాహనాలు లేని రహదారి, ఇరువైపులా వేలాడదీసిన చిత్రాలు.]

వ్యాఖ్యానం: నమస్కారం. ఏటా జనవరిలో ఒక ఆదివారం నాడు బెంగళూరులోని కుమార కృప రోడ్డు మీద వాహనాలు ఆగిపోతాయి. శివానంద సర్కిల్ వైపు నుంచి నడిచి వచ్చేవారికి కాలిబాట పొడవునా గోడలకు వేలాడదీసినవీ, చెట్ల మొదళ్లకు ఆనించినవీ, నేల మీద పరిచినవీ వేలాది చిత్రాలు కనిపిస్తాయి. వాటి పక్కన కూర్చున్నవారు వ్యాపారులు కారు, ఆ చిత్రాలను గీసినవారే. దీనినే చిత్రసంతె అంటారు. ప్రవేశ రుసుము లేదు. ఇంటికొక కళాకృతి చేరాలన్నది ఈ సంత నినాదం.

తయారుచేసిన మనిషే తన వస్తువుకు ధర చెప్పగలిగే చోట్లు మన సమాజంలో చాలా తక్కువ. సంత అలాంటి చోటు కాబట్టే దానికి అంత విలువ ఉన్నదని నా నమ్మకం. ఆ ధర ఎలా ఏర్పడుతుందో, బేరంలో ఏది కరిగిపోతుందో, ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాల నుంచి బెంగళూరుకు వచ్చే కళాకారులు ఏ కాగితాలు దగ్గర ఉంచుకోవాలో ఈ వీడియోలో వివరిస్తాను.

[తెరపై: చిత్రకళా పరిషత్తు ప్రాంగణం, తోలుబొమ్మల గ్యాలరీ.]

వ్యాఖ్యానం: ఈ సంతను నిర్వహించే కర్ణాటక చిత్రకళా పరిషత్తు 1960లో ఏర్పడింది. దానిని తీర్చిదిద్దిన ఎం.ఎస్. నంజుండరావు చిత్రకళ నేర్పించడంతో ఆగలేదు. ఆయన కర్ణాటక తోలుబొమ్మలను సేకరించి, అధ్యయనం చేశారు. అందువల్ల చదువుకున్న చిత్రకారుల పనికీ, పల్లె కళాకారుల పనికీ ఒకే ప్రాంగణంలో చోటు దక్కింది. 2021లో కరోనా కారణంగా చిత్రసంతె ఆన్‌లైన్‌లో జరిగింది, మరుసటి ఏడాది జనవరికి బదులు మార్చిలో జరిగింది. 2025 జనవరి 5న జరిగినది ఇరవై రెండవ చిత్రసంతె. ఆ ఒక్కరోజే కాక, పరిషత్తు ప్రాంగణంలో ఏడాది పొడవునా ఏదో ఒక చేతిపనుల మేళా నడుస్తూనే ఉంటుంది. బెంగళూరుకు కొత్తగా వచ్చిన తెలుగువారిలో చాలామందికి ఈ సంగతి తెలియదు.

గ్యాలరీలో గాని, పెద్ద దుకాణంలో గాని చిత్రం అమ్ముడైనప్పుడు కొన్నవారు ఇచ్చిన సొమ్ములో మామూలుగా 30 నుంచి 50 శాతం వరకు అమ్మినవారికి పోతుంది. అద్దె, సిబ్బంది, ప్రచారం వారి ఖర్చులే కనుక అది అన్యాయమని చెప్పలేము. అయితే అక్కడ కొనేవారికి కళాకారుడి ముఖం కనిపించదు, కళాకారుడికి తన బొమ్మ ఏ ఇంటికి వెళ్లిందో తెలియదు, ధర ఎంత పలికిందో కూడా ఒక్కోసారి ఆలస్యంగానే తెలుస్తుంది. సంతలో ఈ మూడూ అతని కళ్లెదుటే జరుగుతాయి.

[తెరపై: దగ్గరగా, వెదురు కలం. బట్ట మీద గీత పడుతూ నల్లబడుతుంది.]

వ్యాఖ్యానం: ధర సంగతి తేలాలంటే ఒక వస్తువును దగ్గరగా చూడాలి. శ్రీకాళహస్తి కలంకారీనే తీసుకుందాం. ముందుగా నూలు బట్టలోని గంజి పూర్తిగా పోయేలా ఉతుకుతారు. తరువాత కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో నానబెట్టి, పిండి, ఎండలో ఆరబెడతారు. కరక్కాయ వల్ల రంగు బట్టను పట్టుకుంటుంది, పాలలోని కొవ్వు వల్ల సిరా పక్కలకు పాకదు. కాల్చిన చింతపుల్ల బొగ్గుతో బొమ్మ రూపురేఖలు వేసుకున్నాక కలం చేతికి తీసుకుంటారు. సన్నగా చెక్కిన వెదురు పుల్లకు ఉన్నిని గాని, గుడ్డను గాని చుట్టి దారంతో బిగిస్తే అదే కలం. ఆ చుట్ట సిరాను పీల్చుకుంటుంది, వేళ్లతో నొక్కిన కొద్దీ మొనకు దిగుతుంది. తుప్పు పట్టిన ఇనుప ముక్కలనూ బెల్లాన్నీ నీళ్లలో వేసి, రోజుల తరబడి పులియబెట్టి తయారుచేసిన సిరా అది. గీసిన క్షణంలో గీత పలుచగానే కనిపిస్తుంది. కరక్కాయ పట్టిన బట్టను తాకిన తరువాత, మనం చూస్తుండగానే నల్లబడుతుంది. స్టాల్‌లో ఒక్క గజం బట్ట పరిచి ఈ గీతను చూపించగలిగితే, ధర గురించి చెప్పవలసిన మాటల్లో సగం చెప్పనక్కరలేదు.

నలుపుతో పని అయిపోదు. ఎరుపు కావలసిన చోట్ల పటిక నీటిని కలంతోనే పూస్తారు. బట్టను పారే నీటిలో జాడించి, ఎర్ర రంగునిచ్చే వేర్లతో, చెక్కలతో కలిపి ఉడికిస్తే పటిక పడిన చోటనే ఎరుపు నిలుస్తుంది. ఆపై మళ్లీ పాలు, మళ్లీ ఎండ, కరక్కాయ పువ్వుతో పసుపు, నీలిమందుతో నీలం. ప్రతి రంగు మధ్యా ఉతుకు ఉంటుంది. ఈ కళ స్వర్ణముఖి ఒడ్డున స్థిరపడటానికి ఆ నీటి అవసరం ఒక కారణం. మబ్బు పట్టిన వారంలో బట్ట ఆరదు, ఆరని బట్ట మీద తదుపరి పని సాగదు. ఆ వారం కూలిని ఎవరూ లెక్కలో రాయరు.

[తెరపై: కాగితం మీద చేతిరాతతో లెక్క.]

వ్యాఖ్యానం: ఇప్పుడు ఒక ఊహా లెక్క వేద్దాం. ఒక కలంకారీ పటానికి 12 రోజుల పని పట్టిందనీ, బట్టకూ రంగులకూ 900 రూపాయలు అయ్యాయనీ, బెంగళూరు ప్రయాణం, బస, భోజనం, స్టాల్ రుసుములో ఈ ఒక్క పటం వంతు 1,200 రూపాయలనీ అనుకుందాం. పటాన్ని 12,000 రూపాయలకు అమ్మితే ఖర్చులు పోగా 9,900 మిగులుతుంది, అంటే రోజుకు 825 రూపాయలు. కొనేవారు బేరమాడి 8,000కు ఒప్పించారనుకోండి. బట్ట ధర తగ్గదు, రైలు ఛార్జీ తగ్గదు. తగ్గిన నాలుగు వేలూ కూలిలోనే తగ్గుతాయి. రోజు కూలి 500 రూపాయల లోపుకు దిగిపోతుంది. ధరలో మూడో వంతు తగ్గించామని కొన్నవారు సంతోషిస్తారు, చేసినవారి కూలి మాత్రం అయిదింట రెండు వంతులు పోతుంది.

బేరం మన సంతలకు కొత్త కాదు, కూరగాయల దగ్గర మొదలుకొని చీరల దాకా అందరమూ ఆడతాము. అక్కడ అమ్మేవారు బేరానికి వీలుగా ముందే కొంత పెంచి చెబుతారు. ఇక్కడ ఆ అలవాటు లేనివారే ఎక్కువ, ముఖ్యంగా మొదటిసారి నగరానికి వచ్చినవారు అసలు ధరనే చెప్పేస్తారు, సాయంత్రం అయ్యేసరికి తిరుగు ప్రయాణం గుర్తుకు వచ్చి ఎంతకైనా ఇచ్చేస్తారు. కళాకారులకు నా మనవి ఒక్కటే. ధరను చీటీ మీద రాసి బొమ్మకు తగిలించండి, పక్కనే ఎన్ని రోజుల పనో కూడా రాయండి. డబ్బు తక్కువ ఉన్నవారి కోసం చిన్న పటాలను వేరుగా తయారుచేసుకుని రండి. పెద్ద పటం ధర తగ్గించడం కంటే చిన్న పటం చేతిలో పెట్టడం మేలు.

[తెరపై: రెండు బట్టలు పక్కపక్కన, ముందు వైపు, తరువాత వెనుక వైపు.]

వ్యాఖ్యానం: కలంకారీకి అసలు పోటీ పక్క స్టాల్‌లోని కళాకారుడు కాదు, అదే బొమ్మను యంత్రం మీదనో స్క్రీన్ మీదనో అచ్చు వేసి కలంకారీ అనే పేరుతోనే అమ్మే బట్ట. కొనేముందు బట్టను తిప్పి చూడండి. చేతితో గీసినప్పుడు సిరా నూలులోకి ఇంకుతుంది కనుక వెనుక వైపు కూడా గీత తెలుస్తుంది. అచ్చు రంగు చాలావరకు పైపైనే ఉండిపోతుంది. చేతి గీత ఒకచోట లావుగా, మరొకచోట సన్నగా ఉంటుంది, ఒకే ఆకు రెండుసార్లు వస్తే రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. చెక్క అచ్చులతో వేసే మచిలీపట్నం, పెడన కలంకారీ నకిలీ కాదని ఇక్కడే చెప్పాలి. అది వేరే సంప్రదాయం, దానికి వేరే భౌగోళిక గుర్తింపు, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు పనికే చెందుతుందన్న చట్టబద్ధమైన గుర్తు, కూడా ఉంది. ఈ గుర్తింపు గురించి కళాకారులు తెలుసుకోవలసింది ఒకటున్నది. 1999 భౌగోళిక గుర్తింపుల చట్టం ప్రకారం ఊరి కళకు గుర్తింపు వచ్చినంత మాత్రాన సరిపోదు, ఆ గుర్తును చట్టపరంగా వాడుకోవడానికి ప్రతి ఉత్పత్తిదారుడూ అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు కావాలి.

[తెరపై: తోలు దీపపు తొడుగు. ముందు పగటి వెలుగులో, తరువాత లోపల బల్బు వెలిగించి.]

వ్యాఖ్యానం: బెంగళూరు మేళాలలో తెలుగువారికి తరచుగా ఎదురయ్యే మరొక వస్తువు ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మ. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. మేకతోలును శుభ్రం చేసి, వెలుగు సోకేటంత పలుచగా గీకి, రంగులు వేసి, ఉలితో వందలాది చిల్లులు కొడతారు. ఆట ఆడించే అవకాశాలు తగ్గిన తరువాత అక్కడి కుటుంబాలు అదే తోలుతో దీపాల తొడుగులు, గోడ పటాలు చేస్తున్నాయి. పట్టపగలు ఎండలో పెడితే ఆ తొడుగు మసకగా, సాదాగా కనిపిస్తుంది. లోపల బల్బు వెలిగితే ఎరుపు, ఆకుపచ్చ మెరుస్తాయి, నగల చోట కొట్టిన చిల్లులలోంచి తెల్లని చుక్కలు రాలుతాయి. అందుచేత ఇటువంటి పని చేసేవారు స్టాల్ అడిగేటప్పుడే విద్యుత్ కనెక్షన్ ఉన్నదా అని కనుక్కోవాలి, వెనుక కట్టడానికి ఒక నల్లటి దుప్పటి తెచ్చుకోవాలి. నేను చూసినంతలో ఈ చిన్న ఏర్పాటు అమ్మకాలను బాగా మారుస్తుంది.

ఏటికొప్పాక లక్క బొమ్మలకు బెంగళూరులో వేరే చిక్కు ఉన్నది. బెంగళూరుకు దగ్గరలోనే చన్నపట్న ఉన్నది, అక్కడి బొమ్మలు ఈ నగరంలో ప్రతి ఇంటికీ తెలుసు. రెండు చోట్లా వాడేది ఒకే చెట్టు కర్రే, మనం అంకుడు అంటాము. రెండు చోట్లా తిరిగే కర్రకు లక్కను ఆనించి, ఆ రాపిడి వేడికి కరిగించి రంగు పట్టిస్తారు, మొగలి ఆకుతో మెరుపు తెస్తారు. చన్నపట్న వంటివే కదా అని ఎవరైనా అంటే కళాకారులు నొచ్చుకోనక్కరలేదు. అవును, ఇది అదే కర్ర, అదే లక్క అని చెప్పి, తమ ఊరి రూపాలనూ రంగులనూ చూపించడమే సరైన జవాబు.

[తెరపై: సరుకు పెట్టెలు, ఒక గుర్తింపు కార్డు నమూనా, వివరాలు కప్పి.]

వ్యాఖ్యానం: ఇక కాగితాలు. కేంద్ర జౌళి మంత్రిత్వ శాఖలోని హస్తకళల అభివృద్ధి కమిషనర్ కార్యాలయం చేతిపనివారికి ఇచ్చే గుర్తింపు కార్డు, పెహచాన్ కార్డు, చాలా ప్రభుత్వ మేళాలలో స్టాల్ పొందడానికి అవసరమవుతుంది. రెండవది పన్ను. ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి వెళ్లి సరుకు అమ్మేవారు మామూలుగా జీఎస్‌టీ నమోదు తీసుకోవాలి. కానీ చేతితో తయారయ్యే హస్తకళా వస్తువులకు 2017 నుంచి మినహాయింపు ఉన్నది. ఆంధ్ర, తెలంగాణ వంటి రాష్ట్రాలలో ఏడాది మొత్తం అమ్మకాలు 20 లక్షల రూపాయలు దాటనివారు నమోదు లేకుండానే వచ్చి అమ్ముకోవచ్చు. అయితే వారికి పాన్ కార్డు ఉండాలి, సరుకుకు ఈ-వే బిల్లు, అంటే రవాణా కోసం ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం, తీసుకోవాలి. మామూలు సరుకుకు 50,000 రూపాయలు దాటితేనే ఆ బిల్లు కావాలి. నమోదు లేని కళాకారుడు హస్తకళా వస్తువులను రాష్ట్రం దాటిస్తే మాత్రం విలువ ఎంత తక్కువైనా బిల్లు ఉండి తీరాలి. ఇది తెలియకపోతే దారిలో తనిఖీల దగ్గర సంత రోజు ఉదయం కాస్తా కరిగిపోతుంది.

[తెరపై: ఆర్డరు పుస్తకం. ఎడమ పేజీలో బొమ్మ కొలతలు, కుడి పేజీలో తేదీలు.]

వ్యాఖ్యానం: చిత్రసంతె ఒక్కరోజు పండుగ. ఆ రోజు అమ్ముడైన వాటి కంటే ఆ తరువాత వచ్చే ఆర్డర్లు ముఖ్యమని అనుభవం ఉన్నవారు చెబుతారు, ఆ మాట నిజమే. ఇంటి గోడ కొలత తెచ్చి ఇంత పటం కావాలని అడిగేవారు, పెళ్లికి ఇరవై దీపాలు కావాలనేవారు, కార్యాలయానికి బహుమతులు కావాలనేవారు ఇక్కడే పరిచయమవుతారు. అటువంటి ఆర్డరును నోటి మాటగా వదలకండి. కొలత, విషయం, రంగులు, ధర, ఇచ్చే తేదీ, పంపే ఖర్చు ఎవరిదన్న సంగతి పుస్తకంలో రాసి, సగం సొమ్ము ముందుగా తీసుకుని, రసీదు ఇవ్వండి. ఎండ మీద ఆధారపడే పని అయితే వానాకాలపు గడువును పొడిగించి రాయండి.

పెద్ద సంస్థలు బొమ్మ కొన్న తరువాత దానిని క్యాలెండర్ల మీద, సంచుల మీద అచ్చు వేసుకోవచ్చా అని అడుగుతాయి, కొన్ని అడగకుండానే వేస్తాయి. పటాన్ని అమ్మడం వేరు, దాని కాపీహక్కును ఇవ్వడం వేరు. 1957 కాపీహక్కు చట్టం ప్రకారం, ముందే గీసి ఉంచిన పటం విషయంలో ఆ హక్కు బదిలీ కావాలంటే రాతపూర్వక ఒప్పందం ఉండాలి. పటం ఇచ్చేటప్పుడు రసీదులో “పునర్ముద్రణ హక్కు కళాకారుడిదే” అని ఒక వాక్యం చేర్చండి. అచ్చు వేసుకోవడానికి అనుమతి ఇవ్వదలిస్తే ఎన్ని ప్రతులకో, ఎంత కాలానికో, ఎంత రుసుముకో విడిగా రాయించుకోండి.

చూడడానికి వెళ్లేవారికి నాదొక సూచన. మధ్యాహ్నానికల్లా రోడ్డు కిక్కిరిసిపోతుంది, కాబట్టి ఉదయమే వెళ్లండి. కారు తీసుకువెళ్లకుండా మెట్రోలో మంత్రి స్క్వేర్ సంపిగె రోడ్ స్టేషన్‌లో దిగి ఆటోలో గాని, నడిచి గాని వెళ్లవచ్చు. యూపీఐతో పాటు కొంత నగదు ఉంచుకోండి, అంత జనంలో ఫోను సిగ్నల్ నిలకడగా ఉండదు. అనంతపురం, చిత్తూరు వైపు కళాకారులు కనిపిస్తే తెలుగులోనే పలకరించి, ఈ పటానికి ఎన్ని రోజులు పట్టిందని అడగండి. ధర గురించి ఆ తరువాత మాట్లాడండి.