నీ చేతుల్లో ఉన్నది ఎవరి తల, తల్లీ?

శ్రోతలకు నమస్కారం.

తనను నమ్మనివాళ్లను దేవుడే పగబట్టి శిక్షించే కథలు గ్రీకు విషాద నాటకాల్లో ఉన్నాయి. ఈరోజు ఒక్క నాటకం గురించే చెబుతాను. అందులోనూ నా మనసంతా ఒక్క సన్నివేశం మీదే ఉంది. యూరిపిడీస్ రాసిన ‘బాకే’ అది. ఆయన పోయాక, క్రీ.పూ. 405లో ఏథెన్స్‌లో ఆడారు, మొదటి బహుమతి వచ్చింది. ఎవరి ఉత్సవంలో ఆడారో తెలుసా? కథలో పగబట్టిన డయోనైసస్ ఉత్సవంలోనే!

డయోనైసస్ ద్రాక్షసారాకీ పూనకానికీ దేవుడు. తండ్రి దేవతల రాజు జ్యూస్, తల్లి గ్రీకు నగరం థీబ్స్ రాజకుమారి సెమెలే. ‘దేవుడి బిడ్డా? అంతా అబద్ధం’ అని సెమెలే తోబుట్టువులే అన్నారు. వాళ్లలో అగావే ఒకతె. ఆమె కొడుకు పెంథియస్ ఇప్పుడు రాజు. అతనూ నమ్మడు. మనిషి రూపంలో వచ్చిన దేవుణ్ణి పట్టుకుని గుర్రాలశాలలో కట్టేయమంటాడు. దేవుడు గొంతు పెంచడు. పూనకంతో కొండెక్కిన ఊరి ఆడవాళ్లు అక్కడ ఏం చేస్తున్నారో చూడాలని ఉందా అని మెల్లగా అడుగుతాడు. అక్కడే చిక్కాడు పెంథియస్. ఆడవేషం కట్టాడు. చెదిరిన అతని ముంగురులను దేవుడే స్వయంగా సర్దుతాడు. చంపించబోయేవాడు జుట్టు సర్దడం! చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

కిథైరాన్ కొండమీద పూనకంలో ఉన్న ఆడవాళ్లు అతన్ని చుట్టుముట్టారు. వాళ్లలో అగావే కూడా ఉంది. తల్లి గుర్తుపడుతుందని తలకట్టు లాగేశాడు. ఆమె చెంప తాకి, ‘అమ్మా, నేను నీ పెంథియస్‌ని’ అన్నాడు. ఆమె నోట నురగ. గుర్తుపట్టలేదు.

ఇక నేను చెప్పాలనుకున్న సన్నివేశం. సింహాన్ని వేటాడానని మురిసిపోతూ అగావే చేతుల్లో ఒక తలతో ఊళ్లోకి వస్తుంది. ఆమె తండ్రి, ముసలి కాడ్మస్, కొండమీద మనవడి ముక్కలు ఏరి తెచ్చాడు. ఆయన కూతుర్ని కొట్టలేదు, తిట్టలేదు. ప్రశ్నలు అడిగాడు.

‘ముందు ఆకాశం వైపు చూడు తల్లీ. ఇందాకటిలాగే ఉందా?’
‘లేదు నాన్నా, ఇంకా తేటగా ఉంది.’
‘నిన్ను ఏ ఇంటికి ఇచ్చి పెళ్లి చేశాను?’
‘ఎఖియోన్‌కి ఇచ్చావు.’
‘మీకు పుట్టిన బిడ్డ?’
‘పెంథియస్.’
‘మరి నీ చేతుల్లో ఉన్నది ఎవరి తల?’
‘సింహానిది... వేటకొచ్చినవాళ్లు అలాగే అన్నారు.’
‘సరిగ్గా చూడు. చూడటానికి ఎంతసేపు!’

చూసింది.

తర్వాత డయోనైసస్ దేవుడిగా పైన కనిపిస్తాడు. తప్పు చేశామని కాడ్మస్ ఒప్పుకుంటాడు. ఒప్పుకుంటూనే, దేవతల కోపం మనుషుల కోపంలా ఉండకూడదు అంటాడు. ఆ దేవుడు ఆయనకు సొంత మనవడు, సెమెలే కొడుకు! దేవుడేమో ఇదంతా నా తండ్రి జ్యూస్ ఎప్పుడో సమ్మతించాడు అంటాడు. అది జవాబు కాదనే నాకు అనిపిస్తుంది. డయోనైసస్ కోసం ముసలితనంలో ఐవీ తీగ తలకు చుట్టుకుని కొండకు బయల్దేరిన కాడ్మస్‌కు కూడా శిక్ష తప్పలేదు మరి. పాముగా మారిపోతావన్నాడు.

నాటకం మీకు దొరికితే ఒక్క పని చేయండి. ఈ ప్రశ్నల భాగం మనసులో చదువుకోకండి. ఇంట్లో ఇంకొకరిని కూర్చోబెట్టుకుని, ఒకరు తండ్రిగా, ఒకరు కూతురుగా పైకి చదవండి. ప్రతి ప్రశ్నకూ ముందు కాస్త ఆగండి. ‘సింహానిది’ అన్నాక ఇంకొంచెం ఎక్కువసేపు ఆగండి.